గోధుమ మానితే మనసు కుదుటపడుతుందా?



ఈమధ్య ఏ పేరంటానికి వెళ్ళినా ఒక్కరైనా "నేను గోధుమ మానేశానండీ, ఒళ్ళూ తేలికపడింది, మనసూ తేలికపడింది" అంటున్నారు. పక్కనే ఇంకొకావిడ "నేనూ మానాను గానీ నాలుగో రోజుకే పూరీలు కల్లోకొచ్చాయమ్మా" అని నవ్విస్తుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి సంగతి ఎందుకలా అయిందో మాత్రం కాస్త విడదీసి చూసుకోవాలి.

పూరీపిండి కలిపినప్పుడు సాగుతుంది చూడండి, ఆ సాగే గుణం గ్లూటెన్ అనే మాంసకృత్తుది. గోధుమలోనూ, బార్లీలోనూ ఉంటుంది. బియ్యం, జొన్న, సజ్జ, రాగుల్లో లేదు. కొందరికి ఇది పడదు. ఒంట్లోని రక్షణశక్తే తిరగబడి పేగుల లోపలి పొరను తినేస్తుంది. దీన్ని సీలియాక్ జబ్బు అంటారు. హాలండులో విల్లెం డికె అనే పిల్లల వైద్యుడికి దీనికీ రొట్టెకీ సంబంధం ఉందని ముందునుంచీ అనుమానం. 1944-45 చలికాలంలో, యుద్ధంవల్ల వచ్చిన కరువులో రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బు పిల్లలు తేరుకోవడంతో ఆ అనుమానం బలపడింది. 1950లో తన సిద్ధాంత గ్రంథంలో ఆయన ఈ సంగతులన్నీ రాశాడు.

మన దేశంలో ఇది గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిన ఎక్కువ. 2016లో వెలువడిన ఒక సర్వేలో హర్యానా వైపు నూటికి ఒకరికి పైగా, వేలూరు ప్రాంతంలో వెయ్యికి ఒకరికి కనిపించింది. మనవైపు అరుదే. కానీ రాత్రిపూట అన్నం మాని చపాతీలకు దిగిన ఇళ్ళు ఇప్పుడు ఎన్ని లేవు!

ఇక మనసు మాట. పేగు చెడితే తిన్న తిండిలోని ఇనుము, ఫోలిక్ ఆమ్లం వంటివి ఒంటికి పట్టవు. రక్తం తగ్గుతుంది. నీరసం, చిరాకు, దిగులు, చెప్పిన మాట గుర్తుండకపోవడం, అన్నీ వెంట వస్తాయి. నాకు తెలిసిన ఒక కోడలుపిల్ల రెండేళ్ళు ఇలాగే బాధపడింది. కడుపునొప్పి పెద్దగా లేదు. ఊరికే ఏడుపు, ఊరికే కోపం. "అత్తగారితో పడటంలేదు కాబోలు" అని చుట్టాలు తీర్పు చెప్పేశారు. ఇనుము మాత్రలు ఎన్ని మింగినా రక్తం పెరగకపోవడం చూసి ఒక డాక్టరుగారు రక్తపరీక్ష, తరవాత గొట్టం వేసి చూసే పరీక్ష చేయిస్తే సంగతి బయటపడింది.

గోధుమ మానిన కొన్ని నెలలకు రక్తం పుంజుకుంది, చిరాకూ తగ్గింది. అంతటితో కథ అయిపోలేదు సుమండీ. సాయంత్రం టీతో బిస్కట్టు లేకపోతే చెయ్యి వెతుక్కునేదట. గృహప్రవేశంలో అందరూ బొబ్బట్లు తింటుంటే తను పెరుగన్నం కలుపుకుని కూర్చుంది. "ఒక్కటి తింటే ఏమవుతుందే" అని ఒకరు, "తిండి కోసం మొహం మాడ్చుకుంటావా" అని ఒకరు. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. దీన్ని జిహ్వచాపల్యం అనడానికి నాకు మనసొప్పదు. పదిమందితో కలిసి తినే తిండి పోతే ఒంటరితనం వస్తుంది. ఆ ఒంటరితనంలోనే దొంగతనంగా ఒక ముక్క నోట్లో వేసుకోవాలనిపిస్తుంది. ఆ ముక్కతోనే పేగు మళ్ళీ మొదటికొస్తుంది.

ఆమెను గట్టెక్కించింది, చుట్టాలు ఆడిపోసుకున్న ఆ అత్తగారే! "దానికి వేరేగా వండటమేమిటి, మనమే మారదాం" అని రాత్రి చపాతీలు తీసేసి అందరికీ జొన్నరొట్టె, టిఫిను బియ్యపురవ్వ ఉప్మా, పండక్కి అరిసెలు, పూతరేకులు పెట్టింది. నాలుగింటికి పేలాలో, వేరుసెనగ ఉండో చేతికందేలా ఉంచింది. ఆకలి వేళకు ఏదో ఒకటి దొరికితే బిస్కట్ల మీదికి మనసు అంతగా పోదు.

గోధుమ మత్తుమందులాంటిదనీ, అందుకే మనసు లాగుతుందనీ కొందరంటారు. 1979లో శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో గ్లూటెన్‌ను జీర్ణరసంతో విడగొడితే నల్లమందులా పనిచేసే తునకలు కనిపించిన మాట నిజం. తిన్న మనిషి మెదడులోనూ అవి అలా పనిచేసి వ్యసనం చేస్తాయని రుజువు కాలేదు.

మరి జబ్బు లేకుండానే మానేసి హాయిగా ఉందనేవాళ్ళో? గోధుమతోపాటు పఫ్‌లు, బిస్కట్లు, మైదా పరోటాలు పోయాయి కదా, హాయిగా ఉండదూ! నార్వేలో 59 మందికి ఏది ఎందులో ఉందో చెప్పకుండా తినిపించి చూశారు. గ్లూటెన్ పడదనుకున్న వాళ్ళే అందరూ. 2018లో వచ్చిన ఆ ఫలితంలో కడుపు ఉబ్బరం ఎక్కువ చేసింది గ్లూటెన్ కాదు, ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం. అది గోధుమలోనూ ఉంది, ఉల్లి వెల్లుల్లిలోనూ ఉంది.

కాబట్టి అనుమానం ఉంటే ముందు పరీక్ష చేయించుకోండి, తరవాతే మానండి. ముందే మానేస్తే పరీక్షలో జబ్బు కనపడకుండా పోవచ్చు. మానినా దిగులు తగ్గకపోతే గోధుమ మీద తోసేసి ఊరుకోకుండా డాక్టరుకు ఆ మాటా చెప్పండి.

జబ్బు ఉందని తేలిన ఇంట్లో వంటింటి సంగతులు కొన్ని ఉన్నాయి. బొంబాయిరవ్వ గోధుమదే, ఇడ్లీరవ్వ బియ్యానిది. సేమ్యా పనికిరాదు. రాగిమాల్టు అని అమ్మే డబ్బాలో బార్లీ కలిసిందేమో చదవండి. "గ్లూటెన్ రహితం" అని అచ్చు వేయాలంటే మన దేశపు నిబంధన ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. చపాతీ పీట, కర్ర, జల్లెడ వేరుగా ఉంచాలి. గోధుమలు ఆడిన మరలోనే జొన్నలు పోస్తే మరలో మిగిలిన గోధుమపిండి ఇందులో కలుస్తుంది. మరవాణ్ణి బతిమాలడం కంటే ఇంట్లో చిన్న మిక్సీ నయం. అన్నిటికంటే ఎవరూ ఊహించనిది ఇంగువ. అంగట్లో దొరికే ఇంగువ చాలామటుకు మైదా కలిపిందే. బియ్యప్పిండితో చేసిందీ దొరుకుతుంది, డబ్బా తిప్పి చూసి తెచ్చుకోండి. పప్పులో పోపు ఘుమఘుమ మానుకోనక్కర్లేదు.

సెలవు.