పరాయి దేశం వాళ్ళను ఏమని పిలుద్దాం?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కురిచేడులో ఉండే మనకు విదేశాలతో ఏం పని అనుకోకండి. రోజూ మన నోట్లో నానే మాటల్లోనే బోలెడు దేశాలున్నాయి.

మీరు కోసుకుతినే సీమచింతకాయ మెక్సికో ప్రాంతం నుంచి వచ్చింది. తెల్లవాళ్ళ కాలంలో 'సీమ' అంటే ఇంగ్లండు, యూరప్. ఓడెక్కి వచ్చిందేదైనా సీమ సరుకే. బోర్డు మీద రాసే సుద్దముక్క కూడా అప్పట్లో సీమసున్నమే. గిద్దలూరు దాటి రాయలసీమలోకి వెళ్తే చీనీకాయ అంటారు. చీనీ అంటే చైనాది అని. అదే పండును మనం బత్తాయి అంటాం. ఆ పేరు బటేవియా నుంచి వచ్చిందని చెబుతారు. ఇండోనేషియాలోని జకార్తాకు డచ్చివాళ్ళు పెట్టిన పేరది. పండు ఒకటే, దానికి రెండు దేశాల పేర్లు.

మిరప, పొగాకు అమెరికా ఖండాల పంటలు. పోర్చుగీసువాళ్ళు వాటిని మన దేశానికి తెచ్చి వందల ఏళ్ళు అయింది. ఇవాళ మన చేలల్లోని మిరపను ఎవరైనా పరాయిది అంటారా? కారం లేనిదే మనకు ముద్ద దిగదు. పంటలను అంత బాగా కలుపుకున్నాం.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి అలా జరగలేదు. 'తురక' అనేది అసలు టర్కిక్ జాతుల పేరు. ఇక్కడే పుట్టి, మనతోపాటు తెలుగు మాట్లాడే ముస్లిములకు తరతరాలుగా ఆ పేరు తగిలించాం. యూరప్‌లో ఫ్రాంకులనే జాతి ఉండేది. ఆ పేరు అరబ్బుల, పారసీకుల నోట మారి 'ఫిరంగి'గా మన దగ్గరికొచ్చింది. పెద్ద గుండ్లు పేల్చే ఆయుధానికి ఆ పేరు పెట్టాం. భావప్రకాశమనే పాత వైద్యగ్రంథంలో ఒక సుఖవ్యాధి పేరు ఫిరంగ రోగం. రోగాన్ని పరాయివాళ్ళ నెత్తిన రుద్దడం కొత్త కాదన్నమాట. 2020లో కరోనాను 'చైనా వైరస్' అన్నవాళ్ళను మీరూ విన్నారు. కొత్త రోగాలకు దేశాల పేర్లు, జాతుల పేర్లు పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

ఇక మన సంగతి. కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కి బర్మా వెళ్ళిన తెలుగు కూలీలను అక్కడ 'కోరంగీలు' అన్నారు. ఏ ఊరి వాళ్ళయినా, ఏ కులం వాళ్ళయినా అదే పేరు. మన లంబాడీలు తమను 'గోర్' అనుకుంటారు, బయటివాళ్ళను 'కోర్' అంటారు. ఎరుకలవాళ్ళు తమ భాషలో 'కుర్రు'. ఇవి మనకు మనం పెట్టుకున్న పేర్లు. బయటివాళ్ళు పెట్టిన పేరు ఎంత బరువో మనకు వేరే చెప్పాలా? 1871లో ఆంగ్లేయులు చేసిన చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే 'నేరస్థ తెగలు' అంది. 1911లో ఆ చట్టాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఎరుకలవాళ్ళ మీద ఆ ముద్ర పడింది. బాపట్ల దగ్గర వాళ్ళను ఉంచిన ఊరికి స్టువార్ట్ అనే దొర పేరు పెట్టారు. అదే స్టువార్టుపురం. చట్టం 1952లో పోయింది. మాట మాత్రం కొందరి నోట ఇంకా పోలేదు.

2014 జనవరిలో ఢిల్లీలో నిడో తానియా అనే అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థిని జుట్టు చూసి, రూపం చూసి ఎగతాళి చేశారు. మాటామాటా పెరిగి కొట్టారు. మర్నాడు ఆ అబ్బాయి చనిపోయాడు. మన దేశపు బిడ్డే, గిరిజనులు ఎక్కువగా ఉండే రాష్ట్రం నుంచి చదువుకోవడానికి వచ్చినవాడే. టీవీలో అలాంటి ముఖం కనబడగానే 'చైనావోడు' అని నవ్వే పిల్లలు మన హాస్టళ్ళలోనూ ఉన్నారు. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

మరి ఏమనాలి? మొదట దేశం పేరు తెలుసుకోండి. ఆఫ్రికా ఒక దేశం కాదు, అందులో 54 దేశాలున్నాయి. నైజీరియా వేరు, కెన్యా వేరు. తెలియకపోతే 'మీది ఏ దేశమండీ?' అని అడగండి. అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

తర్వాత, జపనీయులు, చైనీయులు, నేపాలీలు, అమెరికన్లు అనే మాటలు తెలుగులో ఉండనే ఉన్నాయి. ఏదీ తోచకపోతే దేశం పేరు పక్కన 'దేశస్థులు' చేర్చండి. ఘనా దేశస్థులు, పెరూ దేశస్థులు అంటే సరిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. తెల్లగా ఉంటే 'దొరగారు వచ్చారు' అంటాం. నల్లగా ఉంటే 'నల్లోడు వచ్చాడు' అంటాం. ఆ 'రు'కూ ఈ 'డు'కూ మధ్య ఎంత దూరముందో, ఆఫీసుల ముందు నిలబడి 'ఏరా', 'ఏమే' అనిపించుకున్న మన అమ్మానాన్నలకు తెలుసు. రంగు చూడకుండా అందరికీ 'రు' పెట్టండి.

మార్కాపురం పలకరాయి సముద్రాలు దాటినట్టే, రేపు మీలోనూ కొందరు దేశాలు దాటుతారు. అక్కడ పరదేశీలు మీరే. నేను లంబాడీనని, ఎరుకలనని, యానాదినని, చెంచునని తలెత్తి చెప్పడం ఇప్పుడే నేర్చుకోండి. ఎదుటివాళ్ళ పేరు కూడా అంతే శ్రద్ధగా అడిగి, వాళ్ళు చెప్పినట్టే పలకండి.