పరాయి యుద్ధాలు - మన ఉక్కు
(భిలాయిలో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాంగ విధానం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. నేను ప్రొఫెసర్ని కాను, దౌత్యవేత్తనూ కాను. విశాఖలో, సముద్రం మీద, ఓడల ఇంజన్ రూముల్లో పనిచేసినవాణ్ణి. విదేశాంగ విధానం మాకు పేపర్లో కంటే ముందు స్టోర్సులో తెలిసేది. అడిగిన స్పేరు పార్టు వేళకు వస్తే ఆ దేశంతో మనకు బాగున్నట్టు లెక్క. రాకపోతే ఎక్కడో ఏదో జరిగినట్టు లెక్క. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు చెబుతాను.

ఈ విషయం మాట్లాడుకోవడానికి భిలాయి కంటే తగిన చోటు లేదు. 1955 ఫిబ్రవరి 2న మన ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో చేసుకున్న ఒప్పందం వల్ల పుట్టిన ఊరు ఇది. ఏటా 10 లక్షల టన్నుల ఉక్కు, రెండున్నర శాతం వడ్డీ, 12 వార్షిక వాయిదాలు - ఇవీ అప్పటి లెక్కలు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. మీ పిల్లలు ఆదివారం పూట తిరిగే మైత్రీబాగ్ పేరులో ఉన్న మైత్రి ఆ మైత్రే.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. అదే రోజుల్లో రూర్కెలాకు పశ్చిమ జర్మనీ, దుర్గాపూర్‌కు బ్రిటన్ సాయం చేశాయి. ప్రపంచం రెండు శిబిరాలుగా చీలి ఉండగా మనం రెండు వైపుల నుంచీ కొలుములు తెచ్చుకున్నాం. అలీన విధానమంటే గోడమీద పిల్లి వాటమని ఎగతాళి చేసినవారున్నారు. నాకు మాత్రం అది సంసారం తెలిసిన ఇల్లాలి పద్ధతిలా కనిపిస్తుంది. ఒకే కొట్టులో ఖాతా పెట్టుకుంటే కొట్టువాడు చెప్పిందే ధర కదా!

ఖాతా ఉన్నచోట మాట పడక తప్పదు. బొకారో ఉక్కుకు మొదట అమెరికాను అడిగాం. ప్రభుత్వరంగానికి మన డబ్బెందుకని అక్కడి కాంగ్రెస్‌లో అభ్యంతరం వచ్చింది. 1963లో మన అభ్యర్థనను మనమే వెనక్కి తీసుకున్నాం. తర్వాత ఆ పనీ సోవియట్ సాయంతోనే జరిగింది. 1965-66 కరువులో అమెరికా గోధుమల మీద ఆధారపడ్డాం. వియత్నాం మీద బాంబుదాడులను మనం విమర్శించడం అధ్యక్షుడు జాన్సన్‌కు నచ్చలేదు. వ్యవసాయ విధానం మార్చుకోమన్న ఒత్తిడి కూడా తోడైంది. ఓడలను ఒక్కసారిగా వదలకుండా కొద్దికొద్దిగా లెక్కపెట్టి వదిలారు. ఎక్కడో వియత్నాంలో జరిగే యుద్ధం మన రేషన్ షాపు దాకా వచ్చిందన్నమాట.

ఇక 1971. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం కుదిరింది. డిసెంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో సోవియట్ ప్రతినిధి మూడుసార్లు వీటో వాడారు. అమెరికా నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చినా మన సైన్యం ఢాకా వైపు అడుగు ఆపలేదు. కరాచీ మీద దెబ్బతీసిన మిసైల్ బోట్లు సోవియట్‌వి. విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అమెరికాలో తయారైనది. ఎవరి స్నేహం ఎక్కడ పనిచేసిందో విశాఖ బీచ్ రోడ్డులో విజయస్తూపం ముందు నిలబడితే అర్థమవుతుంది.

ఆ స్నేహానికి మనమూ ధర కట్టాం. 1956లో సూయజ్ మీద దాడిని గట్టిగా ఖండించిన మనం, అదే సమయంలో హంగరీలోకి సోవియట్ ట్యాంకులు వెళితే తడబడ్డాం. 1968లో చెకోస్లొవాకియా, 1979 చివర అఫ్ఘానిస్తాన్ - అప్పుడూ గొంతు పెగల్లేదు. చిన్న దేశాల స్వేచ్ఛ గురించి మనం చెప్పే మాటకు అక్కడ బరువు తగ్గింది. నిజం చెప్పుకుంటే తప్పులేదు.

అన్నిటికంటే బరువైన పాఠం శ్రీలంక. 1987 జులై 29న ఒప్పందమైంది. శాంతిని కాపాడటానికని వెళ్లిన సైన్యం అక్టోబరుకల్లా యుద్ధంలో ఉంది. మన సికింద్రాబాద్ నుంచి వెళ్లిన 54వ డివిజన్ జాఫ్నాలో ఎంత కష్టపడిందో ఈ సభలో కొందరికి నేను చెప్పనక్కర్లేదు. 1990 మార్చిలో చివరి దళాలు తిరిగి వచ్చేసరికి సుమారు 1,200 మందిని పోగొట్టుకున్నాం. పొరుగింటి మంట మన చూరుకు అంటుకోకూడదన్న ఆలోచన తప్పుకాదు. ఎవరితో పోరాడుతున్నాం, ఎప్పుడు ఆపుతాం అన్నది ముందే తేల్చకపోవడం తప్పు. ఆలోచన ఢిల్లీలో పుడుతుంది. దానిలో లోపముంటే తెలిసేది జవాను భార్యకు వచ్చే టెలిగ్రాములో.

1991లో సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు ఇంజన్ రూములో నా అనుభవం చెబుతాను. మాన్యువల్ రష్యన్‌లో ఉంది, పార్టు తయారయ్యే ఫ్యాక్టరీ రాత్రికిరాత్రి వేరే దేశంలో ఉంది! ఒక ఓడ విప్పి ఇంకో ఓడకు బిగించుకున్న రోజులవి. 2022లో రష్యా, ఉక్రెయిన్‌ల మధ్య పూర్తి యుద్ధం మొదలయ్యాక ఆ రోజులే గుర్తొచ్చాయి. మన నౌక తుశీల్ రష్యాలోని కాలినిన్‌గ్రాడ్‌లో తయారైంది, దాని గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌వి. 2024 డిసెంబరు 9న అది మన నౌకాదళంలో చేరింది. రెండు దేశాలూ కొట్టుకుంటుంటే ఒకరి గుండె ఇంకొకరి శరీరంలో పెట్టి తెచ్చుకున్నాం. ఐక్యరాజ్యసమితిలో మనం ఎటూ ఓటెయ్యకుండా ఎందుకు కూర్చున్నామో నాలాంటి మెకానిక్‌కు వెంటనే అర్థమైంది. అప్పట్లో మన పిల్లలు వేలమంది ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుతుండేవారు, వారిలో తెలుగు పిల్లలూ ఉండేవారు. ఆపరేషన్ గంగలో వారిని తీసుకురావడానికి రెండు ప్రభుత్వాలతోనూ మాట్లాడగలగడం అవసరమైంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. విమానవాహక నౌకకు కావలసిన ఉక్కు మొదట రష్యా నుంచి తెద్దామనుకున్నారు. అది కుదరకపోతే హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ, సెయిల్ కలిసి ఇక్కడే ఆ ఉక్కు తయారుచేశాయి. 2022 సెప్టెంబరు 2న దళంలో చేరిన విక్రాంత్‌కు సుమారు 30 వేల టన్నుల ఉక్కును భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారాలు ఇచ్చాయి. రష్యావాళ్లు నేర్పిన చోటే, రష్యా ఇవ్వలేని ఉక్కు పుట్టింది. ఈ సభలో ఉన్న భిలాయి కార్మిక సోదరులకు మా నావికుల తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

అయితే పొంగిపోవద్దు. అదే విక్రాంత్‌లో ఇంజన్లు అమెరికా డిజైనువి, డెక్ మీద ఎగిరే మిగ్-29కె విమానాలు రష్యావి. 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌తో 26 రఫేల్ మెరైన్ విమానాలకు ఒప్పందం చేసుకున్నాం. ఒక్క ఓడ ఎక్కితే మన విదేశాంగ విధానమంతా కనిపిస్తుంది. ఉక్కు మనదైంది. ఇంజన్ ఇంకా మనది కావాలి. అది అయిన రోజున పరాయి యుద్ధం గురించి మన మనసులో ఉన్నమాట ఎవరి మొహమూ చూడకుండా చెప్పగలం.

ఈ వెనక వరసల్లో ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలు కూర్చున్నారు. అమ్మాయిలూ అబ్బాయిలూ, మా తరం పార్టుల కోసం ఎదురుచూస్తూ గడిపింది. ఆ గ్యాస్ టర్బైను బ్లేడు సంగతి మీరు చూడండి.

జై హింద్.