పని ఇంట్లో, బిడ్డ చంకలో
(పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మేము లెక్కల పుస్తకాల గురించి మాట్లాడవలసి ఉంది. కాని నిన్న టీ వేళ ఒక సోదరి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. "అయ్యా, గేదె చేపే వేళకే చంటిది లేచి ఏడుస్తుంది. గేదెను చూడమంటారా, బిడ్డను చూడమంటారా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. ఆ ప్రశ్నకు మాకు తెలిసిన జవాబు పాల సంఘంలో నేర్చుకున్నది కాదు. హైదరాబాదు పాతబస్తీలో, మేము చేసిన ఒక పొరపాటు వల్ల నేర్చుకున్నది. అది దాచుకోకుండా మీకు చెబుతాం.

చార్మినారు పక్కన లాడ్ బజారు మీలో చాలామంది చూసే ఉంటారు. పెళ్ళిళ్ళకు అక్కడి లక్క గాజులు కొనని ఇల్లు అరుదు. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దుకాణంలో తళతళలాడే ఆ గాజు వెనక గల్లీలలోని చిన్న చిన్న ఇళ్ళున్నాయి. కుంపటి మీద లక్కను మెత్తబరచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి తగ్గకముందే ఒక్కొక్క రాయీ అద్దాలి. రాళ్ళు అద్దే పని చాలావరకు ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని చేస్తారు. కూలి జతల లెక్కన వస్తుంది.

"ఇంట్లోనే ఉంటుంది గదా, పిల్లలను చూసుకుంటూ నాలుగు రూపాయలు సంపాదించుకుంటుంది" అని అందరూ అంటారు. మేమూ అనేవాళ్ళం. అక్కడ ఒక పూట కూర్చుంటే తెలిసింది. లక్క చల్లారితే రాయి దిగదు. గేదె చేపు ఆగిపోతే పాలు దిగవు. రెండు పనులూ మనిషి కోసం ఆగేవి కావు. పసిబిడ్డ ఆకలీ అంతే. రెండూ ఒకే నిమిషంలో పిలిస్తే తల్లి ఏం చేస్తుంది? ఒక చేత్తో పని, ఒక చేత్తో బిడ్డ. రెండింటికీ సగం మనిషే దక్కుతుంది.

ఇక మా పొరపాటు. కొన్నేళ్ళ క్రితం ఆ పక్కనే గాజుల పని చేసే ఆడవాళ్ళ చిన్న సంఘం ఒకదాన్ని తనిఖీ చేశాం. ఖర్చు పద్దులో నెలనెలా "పిల్లల ఖర్చు" అని కొంత సొమ్ము రాసి ఉంది. అడిగితే, వీధిలో ఒక ముసలమ్మ ఉందనీ, పని వేళల్లో పిల్లలందరినీ తన ఇంట కూర్చోబెట్టుకుంటుందనీ, అందుకు ఆమెకు ఇస్తున్నామనీ చెప్పారు. ఉపవిధుల్లో ఆ పద్దు లేదు. సర్వసభ్య సమావేశం తీర్మానం లేదు. వోచరు మీద వేలిముద్ర కూడా లేదు. మేము నిబంధన ప్రకారం అభ్యంతరం రాసి, ఆ ఖర్చు ఆపించాం. కలం పట్టిన మాకు అది పది నిమిషాల పని.

మరుసటి ఏడు వెళ్ళాం. పద్దులు చక్కగా ఉన్నాయి. గాజుల లెక్క తగ్గింది. ఎందుకని అడిగితే అధ్యక్షురాలు మాట్లాడకుండా ఒక ఇంటికి తీసుకువెళ్ళింది. రెండేళ్ళ పిల్లవాడు. తల్లి రాళ్ళు అద్దుతుండగా వెనకనుంచి వచ్చి కుంపటి పట్టుకున్నాడట. కుడిచెయ్యి కాలి, మానిన తరవాత రెండు వేళ్ళు అతుక్కుపోయాయి. వాడి అక్కకు పదేళ్ళు. అప్పటినుంచి బడి మానిపించి వాడికి కాపలా పెట్టారు. "సాబ్, ఇప్పుడు మా లెక్క సరిగా ఉందా?" అని అడిగిందామె. మాకు నోట మాట రాలేదు.

ఆ రోజునే కూర్చుని, మొదటి ఏడే చెయ్యవలసిన పని చేశాం. ఆ ఖర్చు తప్పు కాదు, దానికి దారి లేకపోవడమే తప్పు. సర్వసభ్య సమావేశం పిలిపించి, ఉపవిధుల సవరణ రాయించి, బడ్జెట్లో పద్దు పెట్టించాం. ముసలమ్మ మళ్ళీ వచ్చింది. అక్క మళ్ళీ బడికి వెళ్ళింది. పిల్లవాడి చెయ్యి మాత్రం మా సవరణతో బాగుపడలేదు.

సోదరీమణులారా, చట్టాలు లేకపోలేదు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, యాభైమందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలో శిశుగృహం ఉండాలన్నారు. కాని ఒకే గల్లీలో యాభై ఇళ్ళలో యాభైమంది ఆడవాళ్ళు పనిచేస్తే వాళ్ళ లెక్క ఎవరు తీస్తారు? అక్కడ ఫ్యాక్టరీ గేటు లేదు, హాజరు పట్టీ లేదు. ఇంటి పనివారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. మన దేశం దానిని ఆమోదించలేదు. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం వల్ల మనకు అంగన్వాడీలు వచ్చాయి. అవి గొప్ప మేలు చేశాయి. కాని తెల్లవారుజామున పాలు పితికే వేళకు అంగన్వాడీ తలుపు తెరుచుకోదు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆఫీసు ఉద్యోగులు చాలామంది ఇంటినుంచే పనిచేశారు. పిల్లలతో ఎంత కష్టమో అని అప్పుడు అందరూ చెప్పుకున్నారు. పాతబస్తీ తల్లులకు, మీకు అది ఏనాటినుంచో ఉన్నదే.

మరి సంఘం ఏం చెయ్యగలదు? అహమదాబాదులో 1972లో ఇలా భట్ గారు స్థాపించిన 'సేవా' సంస్థ సభ్యులు, పిల్లల సంరక్షణ కోసం 'సంగిని' అనే సహకార సంఘాన్నే పెట్టుకున్నారు. మన దగ్గర 2002లో మొదలైన ముల్కనూరు మహిళా డెయిరీ ఆడవాళ్ళే నడిపించుకునేది. ఆడవాళ్ళు పాలకవర్గంలో కూర్చుంటే ఇలాంటి మాట సమావేశానికి వస్తుంది. లేకపోతే టీ వేళ నవ్వుల్లో పోతుంది.

మీరు చెయ్యవలసినవి కొన్ని చెబుతాం.

మొదటిది, పాలు పోసే ఇళ్ళలో ఆరేళ్ళలోపు పిల్లలు ఎందరో ఒక కాగితం మీద రాయండి. గేదెల లెక్క ఉంచుకునే సంఘానికి అది కష్టం కాదు.

రెండవది, పాల సేకరణ కేంద్రం చెప్పిన వేళకు తెరవండి. కార్యదర్శి అరగంట ఆలస్యంగా వస్తే, వరుసలో నిలబడ్డ తల్లి బిడ్డ అరగంట ఒంటరిగా ఉంటుంది.

మూడవది, కుడితి తొట్టికి మూత పెట్టించండి. గడ్డి కోసే యంత్రానికి అడ్డు కట్టించండి. పాలు కాగే పొయ్యి నేలమట్టాన ఉంచవద్దు. పసిపిల్లలకు మన పెరట్లో కుంపటి అంటే ఇవే.

నాలుగవది, వాడలో నమ్మకమైన పెద్దమ్మను ఒకరిని చూసి, ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పిల్లలను కనిపెట్టుకోమనండి. ఊరికే చెయ్యమనవద్దు, ఏదో ఒకటి ఇవ్వండి. మీ సంఘం 1964 చట్టం కింద రిజిస్టరయిందో, 1995 చట్టం కిందనో చూసుకుని, ఉపవిధుల్లో చోటు కల్పించి, తీర్మానం రాసి, వోచరు తీసుకోండి. అప్పుడు మావంటివారు వచ్చి కొట్టివేయలేరు.

ఐదవది, సోదరులకు. గేదె మీ పేర ఉంటుంది, పాల సొమ్ము మీ ఖాతాలో పడుతుంది. పితికే ఆ కాసేపు బిడ్డను ఎత్తుకుంటే మీ పరువు ఏమీ పోదు.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది. చంటివాడికి అక్కను కాపలా పెట్టవద్దు. ఆ కాపలాకు కూలి లేదనుకుంటాం. ఆ పిల్ల తన చదువును కూలిగా చెల్లిస్తుంది.

నిన్న అడిగిన సోదరికి ఇదే మా జవాబు. గేదెను నీవు చూడమ్మా. ఆ కాసేపు బిడ్డను నీ సంఘం చూడాలి. మీ ఊరు వెళ్ళగానే వచ్చే సమావేశం అజెండాలో ఈ విషయం రాయించండి. తనిఖీకి మేము వచ్చినప్పుడు ఆ పద్దు ఎక్కడుందని ముందుగా మేమే అడుగుతాం.

సెలవు.