గుర్రంకొండ నుంచి ఇస్తాంబుల్ దాకా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కువైట్, దుబాయ్‌లలో పనిచేస్తున్న మిత్రులు కొందరు ఒక ప్రశ్న అడిగారు. ముస్లిం దేశాలతో వ్యవహారం నడపడానికి మతపెద్దల మాట ఎంతవరకు పనికొస్తుంది? దీనికి జవాబు వెతకడానికి మనం ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

గుర్రంకొండ అంటే మనకు రంగినీ మహల్, మక్బరా, కొండెక్కి దిగేసరికి నొప్పిపుట్టే కాళ్లు. ఆ కోట ఒకప్పుడు టిప్పు సుల్తాన్ మేనమామ మీర్ రజా అలీ ఖాన్ చేతిలో ఉండేది. టిప్పు తండ్రి హైదర్ అలీ కన్నుమూసింది కూడా చిత్తూరు దగ్గర నరసింగరాయనపేట దండులోనే, 1782 డిసెంబరు 7న. ఇంగ్లీషువారితో యుద్ధం అప్పటికి ముగియలేదు. ఒకవైపు మరాఠాలు, ఇంకోవైపు హైదరాబాదు నిజాం. దగ్గరలో తోడు లేనివాడు దూరం చూశాడు. ముస్లిం లోకానికి ఖలీఫాగా ఉన్న తురుష్క సుల్తాన్ దగ్గరికి రాయబారం పంపాడు.

1786 మార్చిలో పశ్చిమ తీరంలోని తదడి రేవు నుంచి నాలుగు ఓడలు కదిలాయి. నాయకుడు గులాం అలీ ఖాన్, వెంట సుమారు 900 మంది. ఖర్చులకు అమ్ముకోవడానికి మిరియాలు, గంధపు చెక్క, ఏలకులు. మస్కట్, బస్రా, బాగ్దాద్ మీదుగా ఇస్తాంబుల్ చేరేసరికి 1787 సెప్టెంబరు అయింది. అడిగినవి చూడండి: ఇంగ్లీషువారి మీద సైనిక సాయం, చేతిపని తెలిసిన నిపుణులు, మంగళూరుకు బదులుగా బస్రా రేవు. యూఫ్రటీస్ నది నుంచి పుణ్యక్షేత్రమైన నజఫ్‌కు కాలువ తవ్వించే అనుమతి కూడా అడిగాడు. మన చెరువులే నిండని సీమలో ఉన్నవాళ్లం కదా, ఆ కాలువ కోరిక నాకు మహా నచ్చుతుంది.

ఖలీఫా అబ్దుల్ హమీద్ ఆదరంగానే చూశాడు. సొంత పేరుతో నాణేలు వేసుకోవచ్చన్నాడు, శుక్రవారం ఖుత్బాలో పేరు చదివించుకోవచ్చన్నాడు. సైన్యం మాత్రం ఇవ్వలేదు. ఆ ఏడు ఆగస్టులోనే ఆయనకు రష్యాతో యుద్ధం మొదలైంది, ఇంగ్లీషువారిని దూరం చేసుకునే స్థితిలో లేడు. చలికీ, రోగాలకూ రాయబార బృందంలో ఎక్కువమంది దారిలోనే పోయారు. 1790 మొదట్లో తిరిగొచ్చినవాళ్లు కొద్దిమందే.

మరుసటి ఏడే నిజాం సేన ఇంగ్లీషువారి ఫిరంగులతో కలిసి గుర్రంకొండను ముట్టడించింది. నిజామూ ముస్లిమే, ఆ మాట ఎవరికీ గుర్తురాలేదు. టిప్పు ఆ రోజుల్లోనే శృంగేరి జగద్గురువుకు కన్నడంలో ఉత్తరాలు రాసి, రాజ్యక్షేమం కోసం జపాలు చేయించమని కోరాడు. అవి 1916లో మఠంలో బయటపడ్డాయి.

అసలు విడ్డూరం తర్వాత జరిగింది. 1798లో నెపోలియన్ ఈజిప్టు మీద పడ్డాడు. ఈజిప్టు తురుష్క సామ్రాజ్యంలోది. అప్పటి ఖలీఫా మూడో సలీం, ఇంగ్లీషువారితో స్నేహంగా ఉండు, ఫ్రెంచివారిని నమ్మకు అని టిప్పుకు ఉత్తరం రాశాడు. దాన్ని 1799 జనవరిలో టిప్పుకు అందజేసింది ఎవరనుకున్నారు? గవర్నర్ జనరల్ వెల్లెస్లీ! ఏ ఖలీఫా గడప తొక్కడానికి టిప్పు అన్ని ప్రాణాలు ధారపోశాడో, ఆ ఖలీఫా మాటే శత్రువు చేతి మీదుగా ఇంటికి వచ్చింది. టిప్పు మర్యాద తప్పకుండా జవాబు రాశాడు, అందులోనే ఇంగ్లీషువారి దౌర్జన్యాలు ఏకరువు పెట్టాడు.

మే 4న శ్రీరంగపట్నం కోటలో పోరాడుతూ చనిపోయాడు. మీర్ రజా కొడుకు, టిప్పు సేనాపతి కమరుద్దీన్ ఖాన్ లొంగిపోయి, గెలిచినవారి నుంచి గుర్రంకొండ జాగీరు పుచ్చుకున్నాడు. 1800లో నిజాం ఈ సీమంతా కంపెనీకి దత్తం చేశాడు. మదనపల్లె అందులోదే.