పిల్లల ఆటలు – ఫోనులో కనిపించని రాకపోకలు

రాయల్పాడు, శ్రీనివాసపురం, అటు మదనపల్లె – సరిహద్దుకు ఏ వైపు చూసినా బడి వదిలిన తరువాత పిల్లలు చేరే తీరు ఒకటే. అరుగు మీద నలుగురు, మధ్యలో ఒక ఫోను, అందులో ఒక ఆట. ఆట మంచిదా, చెడ్డదా అన్న వాదనను ఈ రోజు పక్కన పెడదాం. ఆ ఆట పిల్లవాడితో ఆడుతూనే, నెట్ ద్వారా ఇంకా ఎవరెవరితో మాట్లాడుతోంది? ఆ సంగతి తెలుసుకునే దారి మనకు ఉందా? ఈ రెండు ప్రశ్నల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఈ ప్రశ్నలు ఎందుకంటే, చాలా ఇళ్ళలో ఆ ఫోను పిల్లవాడిది కాదు. తండ్రిదో, తల్లిదో. టమోటా మండీ డబ్బు జమ అయినట్టు కబురు వచ్చేది దానికే. బ్యాంకు వారు పంపే ఓటీపీ, ఆధార్ కార్డు ఫోటో, బంధువుల నంబర్లు, అన్నీ అందులోనే. పిల్లవాడు కొత్త ఆటను ఎక్కించుకునేటప్పుడు పొడుగాటి షరతుల పత్రం తెర మీదికి వస్తుంది. అది సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. మన పిల్లలు బడిలో కన్నడం చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఒప్పందం మాత్రం మూడో భాషలో! కన్నడంలో 'ఒప్పిగె' అన్నా, తెలుగులో 'ఒప్పుదల' అన్నా, విషయం అర్థమైన తరువాత ఇచ్చేదే కదా. చదవకుండా నొక్కిన మీట ఒప్పుదల ఎట్లా అవుతుంది?

అయితే ఒక్క మాట. ఆట నెట్‌లో మాట్లాడడమే తప్పు కాదు. వేరే ఊరి పిల్లవాడితో కలిసి ఆడాలంటే ఇద్దరి మధ్య ఒక సర్వరు, అంటే దూరాన ఉండి సమాచారం అందించే పెద్ద కంప్యూటరు, ఉండి తీరాలి. మోసం చేసి గెలిచేవారిని పట్టడానికి కొంత సమాచారం పోతుంది. ప్రకటనలు చూపించే సంస్థలకు కొంత పోతుంది. ఆట మధ్యలో ఆగిపోతే, ఎందుకు ఆగిందో తయారుచేసిన వారికి తెలియజేయడానికి కొంత పోతుంది. వీటిలో మనకు అవసరమైనవి ఏవి, మన ప్రమేయం లేకుండా నడిచేవి ఏవి అని వేరు చేసి చూడడమే మన పని.

సరిహద్దు జిల్లా వారికి ఇది ఇట్లా చెబితే సులభంగా తెలుస్తుంది. 2017లో జీఎస్టీ వచ్చేవరకు మన సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఉండేవి. లారీ మీద టార్పాలిన్ బిగించి ఉన్నా, బిల్లు చూస్తే బండి ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది, బరువెంత అన్నది తెలిసిపోయేది. ఫోనులోంచి పోయే సమాచారం కూడా అంతే. ఈ రోజుల్లో అది చాలావరకు రహస్య లిపిలో పోతుంది. లోపల ఏముందో మనం చదవలేము. కానీ ఏ చిరునామాకు పోతోంది, ఎంత పోతోంది, ఏ వేళలో పోతోంది అన్న మూడు సంగతులు చూడవచ్చు.

ఈ మూడు సంగతులు ఎంత దూరం తీసుకుపోతాయో మన దేశంలోనే జరిగిన ఒక ఉదాహరణ చెబుతాను. 2020 సెప్టెంబరు 2వ తేదీన కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించింది. వాటిలో పిల్లలందరికీ తెలిసిన పబ్‌జీ మొబైల్ ఒకటి. ఆ తరువాత దక్షిణ కొరియాకు చెందిన క్రాఫ్టన్ సంస్థ అదే ఆటను మార్చి, 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' అనే పేరుతో 2021 జూలై 2న విడుదల చేసింది. విడుదలకు ముందు, జూన్ నెలలో, అది ఇంకా పరీక్ష దశలో ఉండగానే, ఆటల వార్తలు రాసే ఒక సంస్థ వారు ఫోనులోంచి పోయే రాకపోకలను గమనించి చూశారు. కొంత సమాచారం బీజింగ్‌లోని సర్వర్లకు కూడా చేరుతోందని ప్రకటించారు. వెంటనే క్రాఫ్టన్ ఒక చిన్న అప్‌డేట్ ఇచ్చింది. 2022 జూలైలో ప్రభుత్వ ఆదేశంతో ఆ ఆట యాప్ స్టోర్లనుంచి తొలగిపోయింది. 2023 మే నెలలో మూడు నెలల పరిశీలన షరతు మీద తిరిగి వచ్చింది. అప్పుడు ప్రభుత్వం చెప్పిన మాటల్లో ముఖ్యమైనవి సర్వర్లు ఉండే చోటు, సమాచార భద్రత. శ్రోతలారా, గమనించండి. ఒక దేశం స్థాయిలో జరిగిన ఈ వ్యవహారంలో అడిగిన ప్రశ్న, 'ఈ ఆట ఎవరితో మాట్లాడుతోంది' అన్నదే.

మరో ఉదాహరణ అమెరికాది. అక్కడ ఈఎస్ఈఏ అనే సంస్థ పోటీ ఆటలు ఆడేవారికి మోసాలను పట్టే సాఫ్ట్‌వేరు ఇచ్చేది. 2013 ఏప్రిల్‌లో ఆ సాఫ్ట్‌వేరులోనే, ఆటగాళ్ళకు చెప్పకుండా, బిట్‌కాయిన్ సంపాదించే పనిని చేర్చారు. సుమారు 14,000 కంప్యూటర్లు యజమానులకు తెలియకుండా ఎవరికో సంపాదించి పెట్టాయి. ఆట ఆడని వేళ కూడా యంత్రం ఎందుకు వేడెక్కుతోందని కొందరు ఆటగాళ్ళు ఆరా తీయగా విషయం బయటపడింది. అదే ఏడాది నవంబరులో న్యూజెర్సీ ప్రభుత్వంతో ఆ సంస్థ 10 లక్షల డాలర్ల ఒప్పందానికి రావలసి వచ్చింది. కాపలా కాస్తానన్నవాడి మీద కూడా ఒక కన్ను ఉంచాలని దీని నీతి.

ఇక మన ఇంట్లో ఏం చేయగలమో చూద్దాం. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు.

మొదటిది. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి డేటా వినియోగం చూడండి. ప్రతి యాప్ పేరు ఎదురుగా అది వాడిన డేటా లెక్క ఉంటుంది. యాప్ పేరు మీద నొక్కితే, తెరిచి ఉన్నప్పుడు ఎంత, తెర వెనుక ఎంత అని వేరువేరుగా కనిపిస్తుంది. రాత్రి పడుకునే ముందు ఒకసారి, ఉదయం లేవగానే ఒకసారి ఆ అంకెను పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే రాసుకోండి. ఒక వారం ఇట్లా చేయండి. పిల్లవాడు నిద్రలో ఉండగా ఆట డేటా ఖర్చు చేసిందంటే, అది అప్‌డేట్ దించుకోవడం కావచ్చు, మరొకటి కావచ్చు. ఏదైనా అడగవలసిన ప్రశ్నే. అక్కడే ఉన్న 'బ్యాక్‌గ్రౌండ్ డేటా' అనే మీటను ఆపివేయండి. ఆట మామూలుగా నడిస్తే, ఆ రాకపోకలు మనకోసం కావన్నమాట.

రెండవది. ఒంటరిగా ఆడుకునే ఆట అయితే, డేటా, వైఫై రెండూ ఆపి ఆడించి చూడండి. నిక్షేపంగా నడిచిందా? అయితే దానికి నెట్ కావలసింది ఎక్కువగా ప్రకటనల కోసమే అయి ఉండవచ్చు.

మూడవది. అనుమతులు చూడండి. పండ్లు కోసే ఆటకు మన నంబర్ల జాబితా ఎందుకు? మైకు ఎందుకు? మనం ఉన్న చోటు ఎందుకు? సమాధానం లేని అనుమతిని తీసివేయండి.

నాలుగవది పెద్ద తరగతుల పిల్లలకు. విండోస్ కంప్యూటరులో 'రిసోర్స్ మానిటర్' అనే సాధనం ముందే ఉంటుంది. అందులో నెట్‌వర్క్ భాగం తెరిస్తే ఏ ప్రోగ్రాము ఏ చిరునామాతో కలిసి ఉందో, ఎంత పంపుతోందో వరుసగా కనిపిస్తుంది. ఫోనులో ఇదే పని చేయడానికి 'పీక్యాప్‌డ్రాయిడ్' అనే ఉచిత యాప్ ఉంది. ఇటువంటి సాధనం ద్వారానే మన రాకపోకలన్నీ నడుస్తాయి గనుక, దాన్ని నమ్మకమైన చోటునుంచి మాత్రమే తీసుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. విదేశీ చిరునామా కనిపించగానే దొంగతనం అని కేకలు వేయకూడదు. చాలా సంస్థలు తమ సర్వర్లను అమెజాన్, గూగుల్ వంటి వారి దగ్గర అద్దెకు తీసుకుంటాయి. అవి ఏ దేశంలోనైనా ఉండవచ్చు. బిల్లులో దూరపు ఊరి పేరు ఉన్నంత మాత్రాన లారీలో దొంగసరుకు ఉన్నట్టు కాదు. అసలు భయపడవలసింది బిల్లే లేని బండికి. అంటే యాప్ స్టోరులో దొరకని ఆటను స్నేహితులు ఏపీకే ఫైలుగా పంపుతారే, దానికి. దాన్ని మధ్యలో ఎవరు ముట్టుకున్నారో, ఏం కలిపారో చెప్పేవారు ఉండరు. నిషేధించిన ఆటలు చాలాసార్లు ఈ దారినే మన ఊళ్ళకు వస్తాయి. బ్యాంకు ఖాతా ఉన్న ఫోనులో అటువంటి ఫైలును ఎక్కించనివ్వకండి.

2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం, 18 ఏళ్ళు నిండని పిల్లల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలని చెబుతోంది. పిల్లలను వెంబడించి గమనించడాన్ని, వారిని గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని నిషేధిస్తోంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలులోకి వస్తాయి. మంచిదే. అయితే చట్టం మన అరుగు మీదికి వచ్చి కూర్చోదు. ఏ ఫోను ఏ రాత్రి ఎంత పంపిందో ఢిల్లీలో ఉన్నవారికి కనిపించదు, మనకు కనిపిస్తుంది.

ఈ పనిని పిల్లల మీద నిఘాగా చేయకండి. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, లెక్క రాసే పని వాళ్ళకే అప్పగించండి. ఫోను మీద మనకంటే వాళ్ళ చేయి చురుకు. 'నీ ఆట రాత్రి ఎవరితో మాట్లాడిందో కనిపెట్టు' అంటే, అది వాళ్ళకు మరో ఆట. ఆ ఆటలో గెలిచిన పిల్లవాడు రేపు ఏ యాప్ ఎక్కించుకున్నా, 'ఒప్పుకుంటున్నాను' అనే మీట దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఒక్క క్షణం కోసమే ఇంత చెప్పడం.