బుల్లి రైలింజన్‌కి వాల్యూమ్ ఎలా సెట్ చేయాలి? (మా తాతయ్య చెవి సాక్షిగా)

గవర్నర్‌పేటలో మా ఇంట్లోంచే మాట్లాడుతున్నా. వెనకాల వినపడుతున్న హారన్లు కింద రోడ్డు మీద ఆటోలవి. నా టేబుల్ మీద కూడా ఒక హారన్ ఉంది. ఈ ఎపిసోడ్ దాని గురించే.

ఇదిగో, చూడండి. హెచ్‌ఓ స్కేల్ డీజిల్ ఇంజన్. అసలు ఇంజన్‌లో 87వ వంతు. అమెరికాలో ఉండే మా పెద్దమ్మ కొడుకు మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు తెచ్చాడు. నాకోసం అనుకున్నా, కాదంట. తాతయ్య కోసం. తాతయ్య రైల్వేలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఆయన ఎక్కువ నడిపింది డబ్ల్యూడీఎం-2. ఆ ఇంజన్లు 1962లో మొదట అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి వచ్చాయి, తర్వాత వారణాసిలో మనవాళ్లే తయారుచేశారు. లోపల ఆల్కో 251 రకం, 16 సిలిండర్ల ఇంజన్, 2,600 హార్స్‌పవర్. ఈ బొమ్మలో రికార్డ్ చేసి పెట్టిన శబ్దం కూడా ఆ 251 కుటుంబానిదే. అంటే పెయింట్ అమెరికాది, గొంతు మాత్రం తాతయ్యకి తెలిసిందే.

మొదటి రోజు రాత్రి పది దాటాక ఆన్ చేశా. హారన్ నొక్కా. అంతే! వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. కింద ఫ్లాట్‌లో చంటిబాబు లేచి ఏడుపు. పిన్నిగారు ఫోన్ చేసి "బాబూ, ఇప్పుడే పడుకోబెట్టానమ్మా" అన్నారు. పాపం, తిట్టను కూడా తిట్టలేదు. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. నాది దానికి ఎక్కడో పైన ఉండి ఉంటుంది.

తమాషా ఏంటంటే, పక్కనే కూర్చున్న తాతయ్య అడిగారు: "హారన్ సరేరా, ఇంజన్ ఏదీ? స్టార్ట్ చేయలేదా?"

ఇంజన్ అప్పటికి రెండు నిమిషాలుగా తిరుగుతూనే ఉంది.

సమస్య అర్థమైందా? ఇంట్లో అందరికీ ఎక్కువ, ఎవరి కోసం తెచ్చామో ఆయనకి తక్కువ. వాల్యూమ్ తగ్గిస్తే తాతయ్యకి పోతుంది, పెంచితే బాబు లేస్తాడు. ఒక్క బటన్‌తో తేలే పని కాదు. కాబట్టి లోపలికి వెళ్దాం.

ఈ బండ్లు డీసీసీ పద్ధతిలో నడుస్తాయి. పట్టాల్లోనే కరెంటు, పట్టాల్లోనే మెసేజ్. ఇంజన్ లోపల డీకోడర్ అని చిన్న బోర్డు ఉంటుంది. "3వ నంబరు ఇంజన్, హారన్ కొట్టు" అని మెసేజ్ వెళ్తే 3వ నంబరుది మాత్రమే పలుకుతుంది. ఆ డీకోడర్‌లో సెట్టింగ్స్ అన్నీ సీవీలు అనే నంబర్ల పెట్టెల్లో ఉంటాయి. ఒక్కో పెట్టెలో 0 నుంచి 255 దాకా ఒక అంకె. కోడింగ్ చేసేవాళ్లకి చెప్పాలంటే కాన్ఫిగ్ ఫైల్, అంతే. సీవీ 1 అంటే ఇంజన్ నంబరు, సీవీ 3 అంటే ఎంత మెల్లగా వేగం అందుకోవాలో. ఇవి అన్ని కంపెనీలకీ ఒకటే. కానీ వాల్యూమ్ దగ్గరికొచ్చేసరికి ఎవరి దారి వాళ్లది.

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. ఎక్కడో చూసి సీవీ 128లో తక్కువ అంకె రాశా. శబ్దం ఇసుమంత కూడా తగ్గలేదు. ఎందుకంటే అది సౌండ్‌ట్రాక్స్ వాళ్ల నంబరు, నా బండిలో ఉన్నది ఈఎస్‌యూ వాళ్ల లోక్‌సౌండ్. అందుకే ముందు సీవీ 8 చదవండి. 151 వస్తే ఈఎస్‌యూ, 141 వస్తే సౌండ్‌ట్రాక్స్, 145 వస్తే జిమో. మొత్తం వాల్యూమ్ ఈఎస్‌యూలో సీవీ 63, సౌండ్‌ట్రాక్స్ సునామీలో సీవీ 128, జిమోలో సీవీ 266. ఒక హెచ్చరిక: సీవీ 8ని చదవండి, రాయకండి. చాలా డీకోడర్లలో అందులో 8 రాస్తే సెట్టింగ్స్ అన్నీ ఫ్యాక్టరీ రీసెట్ అయిపోతాయి.

నా బండిలో సీవీ 63 గరిష్ఠం 192. సగానికి దించా. శబ్దం సగం అయిందా? అవ్వలేదు. స్పీకర్‌కి వెళ్లే వోల్టేజీ సగమైతే తగ్గేది 6 డెసిబెల్స్. చెవికి "సగం" అనిపించాలంటే సుమారు 10 తగ్గాలి. పైగా ఇది అన్నింటినీ కలిపి తగ్గిస్తుంది. హారన్‌తో పాటు ఇంజన్ కూడా పడుకుంది.

మనకి కావాల్సింది విడివిడిగా. లోక్‌సౌండ్‌లో ఒక్కో శబ్దానికి ఒక్కో గది. ముందు సీవీ 31లో 16, సీవీ 32లో 1 రాయాలి. అంటే సరైన పేజీ తెరిచినట్టు. తర్వాత సీవీ 259 మొదటి గది, అక్కడి నుంచి ఎనిమిదేసి కలుపుకుంటూ పోతే 267, 275... నా ఫైల్‌లో 259 ఇంజన్‌ది, 275 హారన్‌ది. పేజీ తెరవడం మర్చిపోతే వేరే సెట్టింగేదో మారిపోతుంది, జాగ్రత్త. ఇంజన్‌ని 128లో ఉంచి, హారన్‌ని 40కి దించా.

ఇవన్నీ రాయడానికి ఖరీదైన కంట్రోలర్ అక్కర్లేదు. నాది ఆర్డుయినో మెగా, పైన ఒక మోటార్ షీల్డ్, అందులో ఉచితంగా దొరికే డీసీసీ-ఈఎక్స్ సాఫ్ట్‌వేర్. నడపడానికి ఫోన్‌లో ఇంజన్ డ్రైవర్ యాప్. ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద పెట్టి రాస్తే దాని మీదున్న అన్ని ఇంజన్లకీ ఆ మార్పు పడుతుంది, కాబట్టి ఒక్కటే పెట్టండి. మెయిన్ లైన్ మీద నంబరు చెప్పి రాస్తే ఆ ఒక్కదానికే పడుతుంది, మారిన శబ్దం అప్పటికప్పుడు వినొచ్చు. వాల్యూమ్‌కి ఇదే సుఖం.

ఇంత చేసినా తాతయ్య తల అడ్డంగా ఊపారు. "ఏదో గరగర అంటుందిరా, ఇంజన్ కాదు."

మూత విప్పి చూశా. స్పీకర్ వెనక ఉండే చిన్న డబ్బా అంచు ఊడి ఉంది. స్పీకర్ ముందుకి తోసే గాలి, వెనక్కి తోసే గాలి కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ముందు పోయేది బరువైన, లోతైన శబ్దమే. డబ్బాని గాలి చొరకుండా అతికించా. సీవీ ఒక్కటీ మార్చలేదు, ఇంజన్ గొంతు లావైంది! స్పీకర్ మార్చాలనుకునేవాళ్లు డీకోడర్ మాన్యువల్లో చెప్పిన ఓమ్స్ చూసుకోండి. తక్కువ ఓమ్స్ పెడితే బోర్డు కాలిపోవచ్చు.

ఆ సాయంత్రం మళ్లీ నడిపా. డబ్ల్యూడీఎం-2లో వేగం ఎనిమిది నాచ్‌లు. తాతయ్య కళ్లు మూసుకుని టేబుల్ మీద చెయ్యి ఆనించారు. "ఖాళీగా నిలబడింది... ఆ, రెండో నాచ్... ఇప్పుడు లాగుతోంది." నాకు ఒళ్లు జలదరించింది.

ఆ ఊపులో గంట కొట్టా. ఆయన కదల్లేదు. మళ్లీ కొట్టా. నాలుగోసారి అమ్మ "ఇక చాలురా" అంది. తాతయ్య కళ్లు తెరిచి మా ఇద్దరినీ చూశారు. "ఏంటి చాలు? ఏం కొట్టావ్?"

పెద్ద శబ్దాల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకి ముందు పోయేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి. ఇంజన్ గుడగుడ వినపడుతుంది, గంట గణగణ, మాటల్లో స, ష లాంటి అక్షరాలు పోతాయి. ఇన్నేళ్లూ తాతయ్య "నాకు బాగానే వినపడుతుంది, మీరే గొణుగుతారు" అనేవారు. మేమూ నవ్వి వదిలేసేవాళ్లం. ఆ రోజు ఆయనేం అనలేదు. పొద్దున కాఫీ తాగుతూ, "ఆ చెవుల డాక్టర్ దగ్గరికి పోదామన్నావుగా, పద" అన్నారు.

వెళ్లొచ్చాం. పరీక్ష అయింది, మెషిన్‌కి కొలతలిచ్చాం.

సో ఫ్రెండ్స్, వాల్యూమ్ పెంచే ముందు ఎవరికి ఏది వినపడట్లేదో అడగండి. ఇంట్లో పెద్దవాళ్లు టీవీ సౌండ్ పెంచుతూ పోతుంటే విసుక్కోకండి, ఒకసారి పరీక్ష చేయించండి. మీరు కూడా ఇయర్‌ఫోన్స్ కొంచెం తగ్గించుకోండి, ఆ 4,000 హెర్ట్జ్ మనకీ ఒకటే.

నా బండిలో హారన్ ఇప్పటికీ 40లోనే ఉంది, కింద బాబు హాయిగా పడుకుంటున్నాడు. గంట సెట్టింగ్ మాత్రం ముట్టుకోలేదు. మెషిన్ వచ్చిన రోజు అదే వాల్యూమ్‌లో మళ్లీ కొడతా. ఏం జరిగిందో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. ఉంటా మరి!