కొవ్వూరు నుంచి భద్రాచలానికి, మిత్రోవిత్సా మీదుగా
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  "నువ్వు దేశాలు తిరిగినవాడివి, ప్రయాణాల మీద ఏదైనా చెప్పరా" అని కార్యదర్శి గారు పురమాయించారు. దేశాలు తిరిగిన మాట నిజమే గానీ, నా ఉద్యోగం వంతెనల పని. నేను చూసింది ఎక్కువగా కాంక్రీటు, ఇనుప కడ్డీలు. ఒకే ఒక్క ప్రయాణం గురించి చెప్తాను. దానికి ముందు ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే రెండోది మొదటిదాని దగ్గర నేర్చుకున్నదే.

2018లో జర్మనీలో ఒక ప్రాజెక్టు మీద ఉన్నాను. పది రోజులు సెలవు దొరికింది. బాల్కన్ దేశాలు రోడ్డు మీద చూద్దామని పటం ముందేసుకున్నాను. సెర్బియాకి అప్పట్లో మనవాళ్ళకి వీసా అక్కర్లేదు. అక్కడి నుంచి కొసావో వెళ్ళాలి. కొసావో 2008 ఫిబ్రవరిలో స్వతంత్రం ప్రకటించుకుంది. సెర్బియా ఒప్పుకోలేదు. మన భారతదేశం కూడా గుర్తించలేదు. అంటే అక్కడ పాస్‌పోర్టు పోతే మొరపెట్టుకోవడానికి మన రాయబార కార్యాలయం లేదు.

చిక్కు అది కాదు. అల్బేనియా వైపు నుంచో, ఉత్తర మాసిడోనియా వైపు నుంచో కొసావోలోకి దిగి, అక్కడి నుంచి సెర్బియాలోకి వెళ్ళబోతే సెర్బియా పోలీసులు వెనక్కి పంపిస్తారు. వాళ్ళ లెక్కలో కొసావో వాళ్ళ దేశమే కాబట్టి, మనం వాళ్ళ దేశంలోకి ముద్ర లేకుండా దొంగదారిన వచ్చినట్టు. అదే సెర్బియా నుంచి కొసావో వెళ్ళి, మళ్ళీ సెర్బియాకే తిరిగి వస్తే ఏ గొడవా లేదు. వాళ్ళ లెక్కలో మనం అసలు దేశం దాటనే లేదు! ఊర్లు అవే, రోడ్లు అవే, ముందు ఏది వెనక ఏది అన్నదాంట్లోనే ఉంది అంతా. సెర్బియాలో అద్దెకిచ్చిన కారును చాలామంది కొసావోకి తీసుకెళ్ళనివ్వరు. అందుకని బస్సులో మిత్రోవిత్సా ఉత్తర భాగంలో దిగి, ఇబార్ నది వంతెన మీద నడిచాను. ఆ వంతెన మీద కార్లకు దారి లేదు, మనుషులు మాత్రం నడవచ్చు. పక్కన ఇటలీ సైనికుల కాపలా. మన గోదావరి ముందు ఇబార్ ఒక పంట కాలువ. అవతలి గట్టు మీద కరెన్సీ వేరు, భాష వేరు, సెల్‌ఫోన్ కంపెనీ వేరు.

ఆ రోజు ఒక సంగతి బుర్రకెక్కింది. గీత ఎక్కడుంది అని అడిగితే చాలదు. ఆ గీత ఎక్కడుందని ఎవరు అనుకుంటున్నారు, వాళ్ళు నా దగ్గర ఏ కాయితం చూస్తారు అని అడగాలి.

ఇక మన ప్రయాణం. భద్రాచలం మనకేం దూరం? ఇక్కడ మన గోష్పాద క్షేత్రం మెట్లు కడిగే నీళ్ళు అక్కడ రాములవారి కాళ్ళ దగ్గర నుంచి వచ్చినవే. కానీ పటం మీద ఆ ఊరి కథ వినండి. 1860లో నిజాం దగ్గర నుంచి ఇంగ్లీషువాళ్ళకు పోయి మధ్య పరగణాల్లో చేరింది. 1874లో మన గోదావరి జిల్లాలోకి వచ్చింది. తర్వాత తూర్పు గోదావరి. 1959లో ఖమ్మం జిల్లా. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు, పోలవరం ముంపు పేరుతో చుట్టూ ఉన్న మండలాలు ఆంధ్రకు వచ్చాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలు పట్టణాన్ని ఒరుసుకుని ఉంటాయి, అవి మాకు తిరిగివ్వండని తెలంగాణ నాయకులు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. దేవుడు తెలంగాణలో, దేవుడి మాన్యం పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో. భద్రాచలం నుంచి పర్ణశాలకు పోవాలంటే తెలంగాణ వదిలి ఆంధ్రలోకి వచ్చి మళ్ళీ తెలంగాణలోకి పోవాలి.

క్రొయేషియాలో ఇలాంటిదే ఒకటుంది. దుబ్రోవ్నిక్ పట్టణానికీ మిగతా దేశానికీ మధ్యలో న్యూమ్ దగ్గర బోస్నియా వాళ్ళ ముక్క అడ్డం. వాళ్ళు దాన్ని తప్పించుకోడానికి సముద్రం మీద పెల్యేషాట్స్ వంతెన కట్టుకుని 2022లో తెరిచారు. దాదాపు 2.4 కిలోమీటర్లు. మన రోడ్డు కం రైలు వంతెన కన్నా చిన్నదే లెండి, మనది 1974లోనే కట్టేశాం!

మా పెద్ద మేనత్త ఇల్లు ఎటపాకలో. ఇల్లు కదల్లేదు గానీ 2014లో ఆవిడ రాష్ట్రం మారింది. 2021 మే నెల మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. అత్తయ్యకు కరోనా వచ్చి భద్రాచలంలో ఒక ఆసుపత్రిలో ఉంది. మే మూడో వారంలో, "ఆక్సిజన్ రెండు లీటర్ల మీద పెట్టి ఇంటికి తీసుకెళ్ళండి, మంచం కావాలి" అన్నారు. ఎటపాకలో చూసేవాళ్ళు లేరు. కొవ్వూరు తీసుకురావాలి. ఆంధ్రలో మధ్యాహ్నం 12 నుంచి పొద్దున్న 6 దాకా కర్ఫ్యూ. తెలంగాణలో పొద్దున్న 6 నుంచి 10 వరకే సడలింపు. రెండు వైపులా ఈ-పాసులు.

మామూలుగా మనం జంగారెడ్డిగూడెం, జీలుగుమిల్లి, అశ్వారావుపేట, పాల్వంచ మీదుగా పోతాం. రోడ్డు బాగుంటుంది. కానీ అశ్వారావుపేట నుంచి అంతా తెలంగాణే, ప్రతి కూడలిలో పోలీసు ఆపుతాడు. నేను మారేడుమిల్లి దారి ఎంచుకున్నాను. రాజమండ్రి, రంపచోడవరం, మారేడుమిల్లి ఘాటు, చింతూరు, ఎటపాక. సుమారు 180 కిలోమీటర్లు, మలుపులు ఎక్కువ. అయితే ఎటపాక దాకా గీత దాటే పని లేదు. నా కారు ఆంధ్రలోనే ఆగుతుంది. భద్రాచలం ఆటో ఒకటి మాట్లాడి, ఆసుపత్రి నుంచి అత్తయ్యను గీత దాకా తెప్పిస్తాను. ఇబార్ వంతెన దగ్గర నేర్చుకున్నదే, బండి దాటదు, మనిషి దాటుతుంది.

సిలిండరు లెక్క కూడా వేశాను. 1,500 లీటర్లది, నిమిషానికి 2 లీటర్లు, అంటే పన్నెండు గంటల పైచిలుకు. ప్రయాణం అయిదారు గంటలు. ఇబ్బంది లేదు. ఆంధ్ర పాసు తిరుగు ప్రయాణానికి కూడా తీసుకున్నాను, ఎందుకంటే మేం బయల్దేరే సరికి కర్ఫ్యూ మొదలవుతుంది. ఇంజనీరు బుర్ర కదా, ఏదీ వదల్లేదనుకున్నాను.

ఒకటి వదిలేశాను. పదకొండింటికి ఎటపాక చేరాను. ఆటో వచ్చింది. సరిహద్దు దగ్గర కాపలా ఉన్నాయన అత్తయ్య ఆధార్ అడిగాడు. దాని మీద భద్రాచలం మండలం, ఖమ్మం జిల్లా అని ఉంది. రాష్ట్రం విడిపోకముందు తీసిన కార్డు, ఆవిడ మార్పించుకోలేదు. నా పాసులో ఆవిడ ఊరు ఎటపాక, తూర్పు గోదావరి జిల్లా. "ఈవిడ తెలంగాణ మనిషి, ఈ పాసు చెల్లదు" అన్నాడు. ఆవిడ ఇల్లు అక్కడికి కిలోమీటరు దూరం! వెనక్కి పోదామంటే పది దాటింది, అవతల లాక్‌డౌన్. మే ఎండ. డెబ్బై నాలుగేళ్ళ మనిషి ఆటోలో సిలిండరు పక్కన కూర్చుంది. నేను పటం చదివాను, రోడ్డు చదివాను, రెండు ప్రభుత్వాల ఉత్తర్వులు చదివాను. అత్తయ్య చేతిలో ఉన్న కార్డు మాత్రం చదవలేదు.

"ఒరేయ్ అబ్బాయ్, బియ్యం కార్డు ఇంట్లో దేవుడి గూట్లో ఉంది, అది ఆంధ్రా కార్డే" అంది అత్తయ్య మాస్కులోంచి. పక్కింటి కుర్రాడికి ఫోన్ చేశాను. తాళం వాడి దగ్గరే ఉందట, గూట్లో వెతికి తెచ్చేసరికి రెండున్నర గంటలు. కార్డు చూసి కాపలా ఆయన పక్కకు తప్పుకున్నాడు. ఆయన్ని తిట్టుకోను. ఆయన చేతిలో ఉన్నది కూడా ఒక కాయితమే. సిలిండరులో నేను లెక్కలో పెట్టుకున్న మిగులు ఆ రెండున్నర గంటలకు సరిపోయింది. రాత్రి ఎనిమిదింటికి కొవ్వూరు చేరాం.

అత్తయ్య బతికింది. మా ఇంట్లోనే ఏడాది పైన ఉంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చినప్పుడు ఎటపాక అల్లూరి సీతారామరాజు జిల్లాకు పోయింది, మన కొవ్వూరు గోదావరికి పడమట ఉండి తూర్పు గోదావరి జిల్లా అయింది. "అయితే నేనిప్పుడు ఏ ఊరి దాన్ని రా?" అని అడిగి, నా జవాబు వినకుండా పప్పులోకి వెళ్ళిపోయేది. ఆ జూలైలో భద్రాచలం దగ్గర నీళ్ళు 71 అడుగులు దాటాయి. మూడో ప్రమాద హెచ్చరికే 53 దగ్గర ఇస్తారు. మనం పదో తరగతిలో ఉన్న 1986 ఆగస్టు వరద 75.6 అడుగులు, దాని తర్వాత అంతది అదే. ఎటపాకలో అత్తయ్య ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. టీవీ ముందు కూర్చుని, "దేవుడి గూడు దాకా వచ్చాయేమో" అని ఒకటే మాట. బియ్యం కార్డు నా అలమరలో ఉందని రోజూ చెప్పేవాణ్ణి.

తీసింది తీసినట్టు ఆధార్ కూడా మార్పించాను. వేలిముద్రలు పడక మూడుసార్లు తిరిగాం.

ఇప్పుడు మన సంఘం తరపున భద్రాచలం, పర్ణశాల యాత్ర అనుకుంటున్నారట. బాధ్యత నాకిచ్చారు. కొవ్వూరు–భద్రాచలం రైలు మాట మా నాన్నగారి చిన్నప్పటి నుంచి వింటున్నాం, కాబట్టి బస్సే. అద్దె బస్సుకు తెలంగాణ తాత్కాలిక పర్మిట్, పన్ను ముందే కట్టిస్తాను. పర్ణశాలకు పోయి వచ్చేటప్పటికి గీత నాలుగైదుసార్లు దాటతాం, బస్సులో నిద్రపోతే మీకు తెలియను కూడా తెలియదు. వెళ్ళేటప్పుడు మారేడుమిల్లి, వచ్చేటప్పుడు పాల్వంచ. అందరూ మీ గుర్తింపు కార్డు జెరాక్సు వచ్చే ఆదివారం లోపల నాకివ్వండి. జిల్లా పేరు ఏముందో చూసి మరీ ఇవ్వండి.